23వ కీర్తనకి ‘పాత ట్యూన్’ ఏది? ఆర్గనిస్ట్ గారితో గొడవైపోయింది

ఒంగోలు మనవరాలు
పోయిన ఆదివారం మా అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆవిడ నర్సు. 1954లో మద్రాసు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయింది. అక్కడి దొరసాని నేర్పిన ఇంగ్లీష్ 23వ కీర్తన చివరి రోజుల దాకా పాడుకునేది. అందుకని ఆ పాటే పెట్టించాం. ‘ద లార్డ్స్ మై షెపర్డ్, ఐల్ నాట్ వాంట్’ అని మొదలవుతుంది కదా, అదే.

ఆర్గనిస్ట్ గారు మొదలుపెట్టారు. రెండో చరణంలో మా పెద్ద మావయ్య లేచి నిలబడి “ఆపండి, మా అమ్మ పాడింది ఇది కాదు” అన్నారు. అందరి ముందూ! ఆర్గనిస్ట్ గారు “దీనికి ఉన్నది ఒక్కటే ట్యూన్ అండీ, క్రైమండ్ అంటారు, పుస్తకంలో చూసుకోండి” అన్నారు. మావయ్య వినలేదు. ఆయన ఆర్గాన్ మూత వేసేసి వెళ్ళి వెనక కూర్చున్నారు. భోజనాలప్పుడు కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మావయ్యని పాడి వినిపించమంటే ఉపయోగం లేదు. ఆయన ఏది పాడినా ఒకేలా ఉంటుంది, జనగణమనతో సహా. అమ్మమ్మ పాడింది ఎవరూ రికార్డు చేసుకోలేదు. ఇంతకీ వేరే ట్యూన్ ఉందా? ఉంటే ఏది?

బేస్‌లో బాబ్జీ
ముందు ఒకటి తేల్చండి. 23వ కీర్తన అంటే బైబిల్లో 23వదా, పాటల పుస్తకంలో 23వ నంబరా? మా సంఘంలో ఒక పెళ్ళికి అయ్యగారు “23వ కీర్తన” అనగానే సగం మంది బైబిల్ తీశారు, సగం మంది పాట ఎత్తుకున్నారు. పెళ్ళికొడుకు రెండూ తీశాడు, పాపం.

ఒంగోలు మనవరాలు
బైబిల్‌లోదే అన్నయ్యా. యెహోవా నా కాపరి.

తెర వెనుక ఆర్గాన్
నేనూ ఆర్గనిస్ట్‌నే కాబట్టి ముందు మా వాడి వైపు ఒక మాట. పాట మధ్యలో ఆపమనడం చాలా బాధగా ఉంటుందమ్మా. చేతులు కీస్ మీద, కాళ్ళు పెడల్స్ మీద, కళ్ళు పుస్తకంలో. వెనక ఎవరో అరిస్తే గుండె జారుతుంది.

ఇక ఆయన చెప్పింది మాత్రం తప్పు. ‘ఒక్కటే ట్యూన్’ కాదు. నాకు చేతనైనవే నాలుగున్నాయి. క్రైమండ్ అందరికీ తెలిసింది, అంతే.

కొండవీటి చాంతాడు
నేను క్రైస్తవుణ్ణి కాదు, ఛందస్సు పిచ్చివాణ్ణి. ఈ పాట మీద నాకు ఎప్పటినుంచో మోజు. కాస్త పొడుగ్గానే రాస్తా, పేరు చూశారుగా.

ఆ ఇంగ్లీష్ మాటలు 1650 నాటివి. స్కాట్లాండ్ సంఘం 150 కీర్తనలనూ పాడుకోవడానికి వీలుగా పద్యాలుగా కట్టించి ఆ ఏడు అధికారికంగా విడుదల చేసింది. ఒకరు రాసింది కాదు. ఫ్రాన్సిస్ రౌస్ అనే ఇంగ్లండ్ పార్లమెంటు సభ్యుడి అనువాదం మూలంగా పెట్టుకుని, పాత అనువాదాల్లోంచి తలా ఒక పాదం ఏరుకుని, కమిటీలు కూర్చుని ఏళ్ళ తరబడి చెక్కాయి. కమిటీ రాసిన పద్యం 370 ఏళ్ళకు పైగా బతకడం నాకైతే వింతే.

అసలు సంగతి ఏంటంటే, ఆ పుస్తకంలో ట్యూన్లు లేవు. ఉత్త మాటలే. ఎందుకంటే దాదాపు అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. మొదటి పాదం 8 అక్షరాలు, రెండోది 6, మళ్ళీ 8, మళ్ళీ 6. దాన్ని కామన్ మీటర్ అంటారు. మన ఆటవెలదిలా అనుకోండి. ఆటవెలదిలో ఉన్న ఏ వేమన పద్యాన్నయినా ఒకే బాణీలో లాగించేయొచ్చు కదా, అలాగే. ఏ 8-6-8-6 మాటలనైనా ఏ 8-6-8-6 ట్యూన్‌లోనైనా పాడొచ్చు. వాళ్ళు పాడేవారు కూడా. 1615 నాటి స్కాటిష్ పుస్తకంలో ఏ కీర్తనకైనా వాడుకునేలా 12 ట్యూన్లు ఇచ్చారు. వాటికి డండీ, డన్‌ఫర్మ్‌లిన్, మార్టర్స్ ఇలాంటి పేర్లు. ట్యూన్‌కి విడిగా పేరు ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమైందా? అది ఏ ఒక్క పాట సొత్తూ కాదు కాబట్టి.

ఇంకా ముచ్చటైన సంగతి. వాళ్ళ కీర్తనల పుస్తకాల్లో పేజీలను అడ్డంగా మధ్యకి కోసేసిన ముద్రణలు ఉండేవి. పై సగంలో ట్యూన్లు, కింది సగంలో మాటలు. పైన ఒక పేజీ, కింద ఇంకో పేజీ తిప్పుకుని ఏది కావాలంటే అది జత చేసుకోవచ్చు. చిన్నప్పుడు పులి తల కింద కోడి ఒళ్ళు పెట్టుకునే బొమ్మల పుస్తకాలు ఉండేవి చూడండి, అచ్చం అదే.

కాబట్టి మీ మావయ్యగారు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఆర్గనిస్ట్ గారి పుస్తకంలో ఉన్నదీ నిజమే.

బేస్‌లో బాబ్జీ
చాంతాడు గారూ, అంటే దీన్ని అమేజింగ్ గ్రేస్ ట్యూన్‌లో కూడా పాడొచ్చా?

కొండవీటి చాంతాడు
పాడొచ్చు. అదీ 8-6-8-6.

బేస్‌లో బాబ్జీ
ఇప్పుడే బాత్రూంలో పాడి చూశా. పట్టేసింది!! మా ఆవిడ తలుపు కొట్టి “ఎవరైనా పోయారా” అని అడిగింది.

సోప్రానో 84
‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ ట్యూన్‌లోనూ పడుతుంది. మా యూత్ వాళ్ళు రిట్రీట్‌లో గిటార్ మీద పాడారు. అది ఎలాంటి ఇంటి గురించిన పాటో తెలిసిన పెద్దాయన ఒకరు లేచి బయటకు వెళ్ళిపోయారు.

పాత క్యాసెట్
నా సొంత గొడవ ఒకటి. చిన్నప్పుడు కాన్వెంట్‌లో ఈ పాట నేర్పినప్పుడు ‘ఐల్ నాట్ వాంట్’ అంటే ‘నాకు వద్దు’ అనుకున్నా. ప్రభువు నా కాపరి, నాకు వద్దు. నాలుగో తరగతి దాకా అలాగే పాడా, కాస్త భయపడుతూనే. ఇంత మంది ఇంత సంతోషంగా వద్దంటున్నారేంటి అని. తర్వాత తెలుగు బైబిల్‌లో ‘నాకు లేమి కలుగదు’ అని చదివాక ప్రాణం కుదుటపడింది.

బేస్‌లో బాబ్జీ
😂😂 మీరు ఒక్కరే కాదులెండి, నేను ఇంటర్ దాకా.

తెర వెనుక ఆర్గాన్
మనవరాలు గారూ, గుర్తున్నంత వరకు చెప్పండి. క్రైమండ్ కాకపోతే స్కాట్లాండ్ వాళ్ళు దీన్ని మార్టర్డమ్ అనే ట్యూన్‌లో పాడేవారు, విల్ట్‌షైర్‌లో పాడేవారు. 1930ల ముందు అవి బాగా వాడుకలో ఉండేవి. అమ్మమ్మగారు పాడింది మూడు దెబ్బల నడకా, నాలుగు దెబ్బలదా?

ఒంగోలు మనవరాలు
దెబ్బలు నాకు తెలియవండీ. ఊయల ఊగినట్టు ఉండేది. నన్ను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పాడేది.

తెర వెనుక ఆర్గాన్
మూడే. అయినా తేలదు, నేను చెప్పినవన్నీ మూడే 🙂

హార్మోనియం మాస్టారు
నలభై ఏళ్ళుగా సంఘంలో హార్మోనియం వాయిస్తున్నాను, నా మాట కూడా రెండు ముక్కలు. ఇంత గొడవ ఎందుకు? మనకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు లేవా? ప్రతి పాట మీదా రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 దాకా బతికారు, ఈ క్రైమండ్ ఇంగ్లండ్ చేరకముందే మన మాటకి మన బాణీ కట్టి వెళ్ళారు. పల్లెటూరి ముసలమ్మ కూడా పుస్తకం లేకుండా పాడుతుంది. ఈ 8-6లు మన నోటికి పట్టవు.

సోప్రానో 84
మాస్టారూ, అమ్మమ్మగారు పాడుకున్నది ఇంగ్లీష్ పాట కదండీ. ఆవిడకి ఇష్టమైంది పాడుకుంది. దానికీ మనదీ వాళ్ళదీ అంటే ఎలా.

హార్మోనియం మాస్టారు
నేను ఆవిడని అనలేదమ్మా. తెలుగు మాటల్ని ఇంగ్లీష్ ట్యూన్‌లో కుక్కేవాళ్ళని అంటున్నాను.

కొండవీటి చాంతాడు
మాస్టారి మాటకి వంత పాడే ముందు ఒక సరదా సంగతి. పాత రోజుల్లో స్కాట్లాండ్‌లో ట్యూన్ ప్రాక్టీసు చేసేటప్పుడు అసలు కీర్తన మాటలు వాడటం అపచారం అనుకునేవారు. దేవుడి మాటని పదిసార్లు తప్పుగా పాడటం ఏం బాగుంటుంది? అందుకని ప్రాక్టీసు కోసం అదే కొలతలో ఏవో మామూలు పద్యాలు అల్లుకునేవారు. కొన్ని మరీ కొంటెగా ఉండేవట. ఆదివారం మాత్రం అసలు మాటలు.

బేస్‌లో బాబ్జీ
ఆహా, ఇది మన పని. 8-6-8-6 లెక్కపెట్టుకోండి:

వేడి వేడి అన్నంలోకి
ఆవకాయ వేసి
నెయ్యి పోసి ముద్ద చేసి
నాకు పెట్టు తల్లీ

క్రైమండ్‌లో పాడి చూడండి.

ఒంగోలు మనవరాలు
ఆఫీసులో ఉన్నా, గట్టిగా నవ్వలేక చచ్చా.

హార్మోనియం మాస్టారు
పాడి చూశాను. నేను అన్నది ఇదే చూపిస్తుంది, చూడండి. ఇంగ్లీష్‌లో ‘ద లార్డ్స్’ అన్నప్పుడు ‘ద’ ఊరికే అంటీ అంటనట్టు పోతుంది, బరువు ‘లార్డ్స్’ మీద పడుతుంది. ట్యూన్ కూడా అలాగే ఉంది. మొదటి స్వరం చిన్నది, దెబ్బ రెండో స్వరం మీద. ఇప్పుడు బాబ్జీ గారి ‘వేడి’ అందులో పెట్టండి. దీర్ఘం ఉన్న ‘వే’ చిన్న స్వరంలో ఇరుక్కుంటుంది, ‘డి’ మీద దెబ్బ పడి సాగుతుంది. పాడితే ‘వెడీ వెడీ’. అన్నం చల్లారిపోయింది. అక్షరాల లెక్క సరిపోయింది, మాట విరిగిపోయింది. తెలుగు మాట మొదటి అక్షరం మీదే నిలబడుతుంది. అందుకే అనువాదం చేసిన పాటలు కొన్ని పాడుతుంటే ఏం పాడుతున్నామో పాడేవాడికే తెలియదు.

బేస్‌లో బాబ్జీ
మాస్టారు ఆవకాయకి కూడా వ్యాకరణం చెప్పారు 🙏

కొండవీటి చాంతాడు
నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా మాస్టారూ. మొదటి పాదానికి ముందు ‘ఓ’ అని ఒకటి తగిలిస్తే కొంత సర్దుకుంటుంది. పాత అనువాదకులు చాలామంది ఆ ‘ఓ’తోనే నెట్టుకొచ్చారు.

ఇంగ్లీష్ వాడికీ ఇబ్బంది తప్పలేదు. ‘హీ లీడెత్ మీ ద క్వైట్ వాటర్స్ బై’ అని ఉంటుంది. ‘బై’ ముందు రావాల్సింది, ‘లై’తో ప్రాస కోసం లాక్కెళ్ళి చివర పడేశారు. కమిటీ పని.

అబర్దీన్ చలిమంట
ఆలస్యంగా చూశా. నేను స్కాట్లాండ్‌లో, ఆ ట్యూన్‌కి పేరొచ్చిన క్రైమండ్ ఊరికి గంట దూరంలో ఉంటా. ఆయిల్, గ్యాస్ ఉద్యోగం. పీటర్‌హెడ్‌కీ ఫ్రేజర్‌బర్గ్‌కీ మధ్య రోడ్డు మీద ఉంటుంది. ఊరంటే ఊరు కాదు, కన్ను మూసి తెరిస్తే దాటిపోతాం. ఒక చర్చి, కొన్ని ఇళ్ళు, చుట్టూ పొలాలు, సముద్రం గాలి.

ట్యూన్ కంటే నాకు నచ్చింది ఆ చర్చి గడియారం. దాని ముఖం మీద నిమిషాల గీతలు 61 ఉంటాయి. నిజంగా! గీసినవాడు ఒకటి ఎక్కువ గీశాడు. మరమ్మతు చేయించినప్పుడు సరిచేస్తే ఊరివాళ్ళు ఒప్పుకోలేదట, మా 61 మాకు కావాలని మళ్ళీ పెట్టించుకున్నారని అక్కడి పెద్దాయన చెప్పాడు. నేను కింద నిలబడి లెక్కపెట్టబోతే కళ్ళలోకి వాన. మెడ పట్టేసింది, లెక్క తప్పింది, ఫోటో తీసుకుని ఇంటికొచ్చి లెక్కపెట్టా.

బేస్‌లో బాబ్జీ
61 ఏముంది బాబాయ్, మా సంఘంలో ప్రసంగం గంటకి 90 నిమిషాలు.

సోప్రానో 84
చలిమంట గారూ, అక్కడివాళ్ళు ఆ ట్యూన్ ఎవరిదంటారు? మా పుస్తకంలో జెస్సీ సేమూర్ ఇర్విన్ అని ఉంది. నెట్‌లో కొందరు డేవిడ్ గ్రాంట్ అంటున్నారు.

అబర్దీన్ చలిమంట
ఊళ్ళో అడిగితే జెస్సీయే. ఆమె తండ్రి ఆ చర్చిలో పాస్టర్. వేరే మాట అంటే టీ ఇవ్వరు.

తెర వెనుక ఆర్గాన్
నేను గ్రాంట్ వైపు. కారణం చెప్తా. ఈ ట్యూన్ మొదట అచ్చయింది 1872లో, ‘నార్దర్న్ సాల్టర్’ అనే పుస్తకంలో. అబర్దీన్‌లో విలియం కార్నీ వేశాడు. అందులో పేరు డేవిడ్ గ్రాంట్ అనే ఉంది. గ్రాంట్ పొగాకు దుకాణం నడిపే మనిషి, సంగీతం బాగా తెలిసినవాడు, ఆ పుస్తకం కోసం ట్యూన్లకి హార్మొనీ, అంటే తోడు గొంతుల వరసలు, రాసి ఇచ్చాడు. జెస్సీ 1887లో చనిపోయింది. అంటే పుస్తకం వచ్చాక 15 ఏళ్ళు బతికే ఉంది. ఇది మా జెస్సీది అని తోబుట్టువు చెప్పింది 1911లో. దాన్ని పట్టుకుని 1929 స్కాటిష్ పుస్తకంలో పేరు మార్చారు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఇంట్లోవాళ్ళు చెప్పిన మాట ఎంతవరకు నమ్మాలి?

సోప్రానో 84
నేను పూర్తిగా నమ్ముతా. నాకూ కారణం ఉంది.

మా అమ్మ మా ఊరి సంఘానికి ఒక పాట బాణీ కట్టింది. రోకలి దంచుతూ కట్టింది, నేను పక్కనే ఉన్నా. తనకి స్వరం రాయడం రాదు. మా బాబాయికి పాడి వినిపిస్తే ఆయన హార్మోనియం మీద సర్ది రాసిపెట్టాడు. సంఘం 50 ఏళ్ళ పండగకి వేసిన చిన్న పుస్తకంలో ‘స్వరకర్త’ అని ఆయన పేరు పడింది. అమ్మ ఏమీ అనలేదు. “పాడుతున్నారుగా” అంది. బాబాయి కూడా దొంగ కాదు, ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు, అంతే. ఇప్పుడు నేను ఇది మా అమ్మదని చెప్తే మీరు ఇన్నాళ్ళూ ఏం చేశారంటారు. జెస్సీ తోబుట్టువు కూడా నాలాంటిదే అయ్యుంటుంది.

ఇంకోటి. తను ట్యూన్ కట్టి, హార్మొనీ సరిచేయమని గ్రాంట్‌కి పంపిందనే కదా వాళ్ళ మాట. గ్రాంట్ కట్టుంటే ఆ మారుమూల ఊరి పేరు ఎందుకు పెడతాడు?

తెర వెనుక ఆర్గాన్
ఊరి పేరు సాక్ష్యం కాదండీ. ట్యూన్లకి సంబంధం లేని ఊళ్ళ పేర్లు పెట్టడం వాళ్ళకి మామూలే. కానీ మీ అమ్మగారి సంగతి విన్నాక వాదించబుద్ధి కావట్లేదు.

సోప్రానో 84
వాదించండి, పరవాలేదు. బాబాయితో కూడా వాదించా.

కొండవీటి చాంతాడు
ఇద్దరూ గమనించనిది ఒకటి. 1872లో ఈ ట్యూన్ అచ్చయింది 23వ కీర్తనకి కాదు. వేరే పాటకి. అంటే కట్టినవారు ఎవరైనా కాపరిని, పచ్చికని తలుచుకుంటూ కట్టలేదు. ఇప్పుడు వింటే గొర్రెలు నడిచినట్టే ఉంటుంది.

పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారినట్టు, ఈ జంట కుదిరాక రెండిటికీ ఒకే పేరైపోయింది. 1930ల్లో గ్లాస్గో ఆర్ఫియస్ కాయిర్, దాని గురువు హ్యూ రాబర్టన్ ఈ జతని పాడి రేడియోలో జనానికి అలవాటు చేశారు. తర్వాత 1947 నవంబర్ 20న యువరాణి ఎలిజబెత్ పెళ్ళిలో, వెస్ట్‌మినిస్టర్ ఆబేలో పాడారు. అంతే, ఇక ఇంటింటా.

తెర వెనుక ఆర్గాన్
ఆ పెళ్ళి కథ మా ఆర్గాన్‌వాళ్ళకి బాగా ఇష్టం. యువరాణికి ఈ పాట మీద ఇంకో పై గొంతు వరస ఒకటి తెలుసు, డెస్కాంట్ అంటాం. అది కావాలంది. దాని కాగితం ఎక్కడా దొరకలేదు. పెళ్ళి దగ్గరికొచ్చింది. చివరికి యువరాణి, చెల్లెలు మార్గరెట్, వాళ్ళ దగ్గరుండే ఒకావిడ కలిసి పాడి వినిపిస్తే ఆబే ఆర్గనిస్ట్ విలియం మెక్కీ విని రాసుకుని కాయిర్‌కి నేర్పాడు.

చూశారా మనవరాలు గారూ, అక్కడ పాట ఇంటివాళ్ళు పాడి వినిపించారు. మావయ్యగారిలా లేచి నిలబడలేదు 🙂

ఒంగోలు మనవరాలు
మావయ్య రాణిని కూడా వదల్లేదండీ. 2022లో ఆవిడ అంత్యక్రియలు టీవీలో వస్తుంటే ఇదే పాట వచ్చింది. “అంత పెద్ద చర్చిలో కూడా తప్పు ట్యూనే పాడుతున్నారు” అన్నారు. అప్పుడు మేం పట్టించుకోలేదు.

బేస్‌లో బాబ్జీ
మావయ్యగారికి నా సెల్యూట్.

అబర్దీన్ చలిమంట
మాస్టారు పై పోస్టులో మన కీర్తనల గురించి అన్నారు కదా, ఒకటి చెప్పాలనిపించింది. ఇక్కడ పడమటి దీవుల్లో, లూయిస్ అనే చోట, గేలిక్ భాషలో కీర్తనలు పాడతారు. ఆర్గాన్ లేదు, ఏ వాద్యమూ లేదు. ఒకాయన ముందు లైన్ అందిస్తాడు. మిగతావాళ్ళు అందుకుంటారు, కానీ అందరూ ఒకేసారి కాదు. తలా ఒక వేగం, తలా ఒక గమకం, అల వచ్చి విరిగినట్టు. నేను స్టోర్నవేలో ఒక్కసారి విన్నా. కళ్ళు మూసుకుంటే మా నాయనమ్మ ఊళ్ళో రాత్రి కూడిక గుర్తొచ్చింది. అక్కడా ఒకరు అందిస్తే మిగతావాళ్ళు లాగుతారు, పుస్తకం ఒక్కటే ఉండేది కాబట్టి.

ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో అయితే 2010 దాకా ఆరాధనలో కీర్తనలు తప్ప వేరే పాట లేదు, వాద్యం లేదు. ఆ ఏడు ఓటు వేసి సడలించారు.

హార్మోనియం మాస్టారు
అది వినాలి నాయనా, లింక్ ఉంటే పెట్టు. నా మాట ఒకటి వెనక్కి తీసుకుంటాను. నిన్న రాత్రి క్రైమండ్ హార్మోనియం మీద పట్టి చూశాను. శంకరాభరణం స్వరాలే, తిశ్రం, అంటే మూడు దెబ్బల నడక. మొదలే కింది ‘ప’ నుంచి ‘గ’కి ఒక్క గెంతు. మా అమ్మాయి పక్కన కూర్చుని ఆ గెంతులో చిన్న జారుడు వేసింది. బాగుంది. చెడలేదు. తెలుగు మాటలు మాత్రం పెట్టను.

ఒంగోలు మనవరాలు
ఇవాళ మావయ్యతో మళ్ళీ మాట్లాడా. ఒక కొత్త సంగతి చెప్పారు! అమ్మమ్మ ప్రతి చరణం చివర మళ్ళీ మళ్ళీ అనేదట. ‘హీ లీడెత్ మీ, హీ లీడెత్ మీ’ అని రెండుసార్లు. క్రైమండ్‌లో అలా లేదు. దానికే ఆయన లేచారట. “అసలు మాటలే ఎగ్గొట్టి పాడుతున్నారు” అనుకున్నారట.

పాత క్యాసెట్
అయ్యో, దొరికింది! అది వేరే పాట అమ్మా. ‘హీ లీడెత్ మీ, ఓ బ్లెసెడ్ థాట్’. అదీ 23వ కీర్తన మీదే. జోసెఫ్ గిల్మోర్ అనే అమెరికా బాప్టిస్ట్ పాస్టర్ 1862లో ఫిలడెల్ఫియాలో ఆ కీర్తన మీద ప్రసంగం చేసి, ఆ రాత్రే రాశాడు. భార్య ఆయనకి చెప్పకుండా పత్రికకి పంపింది. విలియం బ్రాడ్‌బరీ ట్యూన్ కట్టాడు. పల్లవిలో ‘హీ లీడెత్ మీ, హీ లీడెత్ మీ’ అని రెండుసార్లు వస్తుంది. మీది ఒంగోలు, అమెరికన్ బాప్టిస్టుల ఊరు. ఇంకేం కావాలి?

బేస్‌లో బాబ్జీ
కేసు క్లోజ్. బిర్యానీ ఎప్పుడు?

సోప్రానో 84
ఆగండాగండి. అమ్మమ్మగారు నేర్చుకున్నది ఒంగోల్లో కాదు, మద్రాసు వైపు. నేర్పిన దొరసాని ఏ దేశం ఆవిడ?

ఒంగోలు మనవరాలు
స్కాట్లాండ్ అని అమ్మ అంటోంది. చలికాలంలో కూడా ఫ్యాన్ కింద కూర్చునేదట.

తెర వెనుక ఆర్గాన్
అయితే క్లోజ్ కాలేదు. మనవరాలు గారూ, ఇది ఒక్కటి అడగండి. ‘హీ లీడెత్ మీ’ రెండుసార్లు అన్నాక ఏం వచ్చేది? గిల్మోర్ పాటైతే ‘బై హిజ్ ఓన్ హ్యాండ్’ వస్తుంది. ‘క్వైట్ వాటర్స్ బై’ వస్తే మాత్రం అది 1650 మాటలే, ట్యూన్ వేరు.

పాత క్యాసెట్
నీళ్ళు గిల్మోర్ పాటలోనూ ఉన్నాయి, రెండో చరణంలో.

తెర వెనుక ఆర్గాన్
నీళ్ళు ఉన్నాయి, ‘క్వైట్’ లేదు. ఆ మాట కావాలి నాకు.

ఒంగోలు మనవరాలు
మావయ్యకి ఫోన్ చేసి ఏమీ అందించకుండా అడిగా. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నా: “కొయిట్ వాటర్స్ బై. మేం పిల్లలం వాటర్స్ బై అంటే నీళ్ళు టాటా చెప్తున్నాయనుకుని చెయ్యి ఊపేవాళ్ళం. అమ్మ నవ్వేది.”

తెర వెనుక ఆర్గాన్
బ్రదర్ జేమ్సెస్ ఎయిర్! అనుమానం లేదు. ఆ ట్యూన్‌లో నాలుగు పాదాలు సరిపోవు, ఆరు కావాలి. 8-6-8-6-8-6. అందుకే మూడో పాదంలోని రెండో సగం మాటలు రెండుసార్లు తిప్పి, చివరి పాదం మళ్ళీ పాడతారు. అంటే ‘హీ లీడెత్ మీ, హీ లీడెత్ మీ, ద క్వైట్ వాటర్స్ బై’.

కట్టినాయన జేమ్స్ లీత్ మాక్‌బెత్ బేన్. స్కాట్లాండ్ మనిషి. ప్రార్థనతో రోగులకి స్వస్థత చేకూరుస్తాడని పేరు, అందరూ బ్రదర్ జేమ్స్ అనేవారు. 1925లో పోయాడు. స్కాట్లాండ్ నర్సు దొరసాని నోట్లో ఆ ట్యూన్ ఉండటంలో వింతేం లేదు. ఊయల ఊగినట్టు అని మీరు మొదట్లోనే అన్నారు, నాకే తట్టలేదు.

కొండవీటి చాంతాడు
అద్భుతం. మాటల పేజీ అదే, ట్యూన్ పేజీ మారింది. నా కోసిన పుస్తకం ఊరికే పోలేదు.

పాత క్యాసెట్
ఒప్పుకున్నా. నాకు ‘క్వైట్’ అంటేనే గండం, ‘వాంట్’ తర్వాత.

ఒంగోలు మనవరాలు
యూట్యూబ్‌లో వెతికి ఒక కాయిర్ పాడింది మావయ్యకి పంపా. ముందు జాగ్రత్తగా ఏమీ రాయలేదు. రెండు నీలం టిక్‌లు పడ్డాయి. పది నిమిషాలు జవాబు లేదు. ఇంతలో అత్తయ్య ఫోన్ చేసి “ఏం పంపావే, ఈయన వరండాలో కూర్చుని గోడకేసి చెయ్యి ఊపుతున్నారు” అంది.

బేస్‌లో బాబ్జీ
…

సోప్రానో 84
బాబ్జీ గారికి జోక్ దొరకకపోవడం ఇదే మొదటిసారి.

హార్మోనియం మాస్టారు
ఆర్గనిస్ట్ గారితో మాట్లాడావా అమ్మా? ఆయన్ని అలా వదిలేయకు.

ఒంగోలు మనవరాలు
మాట్లాడా మాస్టారూ. మావయ్యే ఫోన్ చేశారు, నేను లైన్‌లో ఉన్నా. సారీ అని చెప్పలేదు, “మీ ఆర్గాన్ బాగుంది, పాటే వేరు” అన్నారు. ఆయన కూడా నవ్వేశారు. వచ్చే నెల మొదటి ఆదివారం వాయిస్తానన్నారు, కానీ ఆయన పుస్తకంలో ఈ ట్యూన్ లేదట. ఎవరి దగ్గరైనా స్వరాలు ఉన్నాయా?

తెర వెనుక ఆర్గాన్
నా దగ్గర ఉంది. ఫోటో తీసి మెసేజ్‌లో పంపుతా. డి శ్రుతిలో ఉంది, పై స్వరాలు మామూలు జనానికి కష్టం. పాడేది ఎవరు, కాయిరా, అందరూనా?

ఒంగోలు మనవరాలు
అందరూ. మావయ్య ముందు వరసలో.

తెర వెనుక ఆర్గాన్
అయితే సి లోకి దించి రాసి పంపుతా. మావయ్యగారికి ఎలాగూ తేడా తెలియదు కానీ, మిగతావాళ్ళ కోసం.